ఎడమకు మూడు చూపులు

మా ఆయన మంచినీళ్ల గ్లాసు అందుకోవాలన్నా ముందు ఇటో చూపు, అటో చూపు చూసి గానీ చెయ్యి చాపరు. ఫుట్‌బాల్‌లో మిడ్‌ఫీల్డర్. మైదానం నడిమధ్య ఆడేవాడి మీదికి మనుషులు ఎటునుంచైనా వచ్చిపడతారు. అందుకే బంతి కాలికి చేరేలోగా రెండు భుజాల మీదుగా వెనక్కి చూసుకోవాలి. చిన్నప్పటినుంచీ అదే అలవాటు. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు మా నాన్న నన్ను వంటింట్లోకి పిలిచి, "ఇతని వెనక పోలీసులేమైనా పడ్డారా అమ్మా?" అని అడిగారు.

గోల్స్ కొట్టేవాళ్ల పేర్లు లోకానికంతా తెలుస్తాయి. మా ఆయన కూరలో ఉప్పులాంటివారు, లేనప్పుడే గుర్తొస్తారు. ఇది మూడో దేశం, మూడో క్లబ్బు. అద్దె ఫ్లాట్‌లో సగం పెట్టెలు విప్పనే లేదు. విప్పితే మళ్లీ కట్టాల్సింది నేనే కదా. ఆయనకు ముప్పై మూడు నిండాయి. ఆ వయసులో క్లబ్బు ఇంకో రెండేళ్లు ఉంచుకుంటానంది. శుక్రవారం ఒప్పందం మీద సంతకం. మేం ఈ దేశంలో ఉండటం, మా పాప బడి, అన్నీ ఆ సంతకానికే వేలాడుతున్నాయి.

చలికాలంలో ఒక మ్యాచ్‌లో ఎవరిదో మోచెయ్యి ఆయన ఎడమ కంటికి గట్టిగా తగిలింది. కనుబొమ్మ మీద కుట్లు మానాయి. నా అనుమానం ఆ తర్వాతే మొదలైంది. ఎడమవైపు పెట్టిన టీ కప్పు చెయ్యి తగిలి దొర్లిపోయేది. తలుపు అంచు ఆ భుజానికే కొట్టుకునేది. మ్యాచ్‌లో ఎడమకు మూడుసార్లు చూస్తున్నారు, కుడికి ఒక్కసారే.

కోచ్ కూడా అది గమనించాడు. గమనించి మురిసిపోయాడు. ఆ వీడియో క్లబ్బులోని కుర్ర ఆటగాళ్లకు వేసి చూపించి, "ఈ వయసులో కూడా ఎంత శ్రద్ధో చూడండి" అన్నాడట. మా ఆయన తేలు కుట్టిన దొంగలా కూర్చుని వచ్చారు.

సోమవారం పోరి పోరి, క్లబ్బుకు తెలియకుండా పక్క ఊళ్లో కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. కంటి లోపలి పొర ఒక పక్క చిరిగిందనీ, ఆపరేషన్ ఆలస్యం చేయకూడదనీ, ఇంకో దెబ్బ తగిలితే ఆ కన్ను దక్కదనీ, ఇక ఆట మరిచిపోవాలనీ డాక్టరు చెప్పాడు.

"శుక్రవారం దాకా ఆగుదాం," అన్నారు మా ఆయన కారెక్కగానే.

"సంతకం పెడితే కన్ను అతుక్కుంటుందా?"

"పెట్టకపోతే ఎక్కడికి వెళ్తాం? నాకు ఇది తప్ప ఇంకో పని రాదు."

ఉన్న కోపమంతా ఇంటికెళ్లి గిన్నెల మీద చూపించాను.

గురువారం ప్రాక్టీసుకు నేనూ వెళ్లాను. బంతి ఆయన తలదాకా లేచినప్పుడల్లా నేను కళ్లు మూసుకునేదాన్ని. పక్క మైదానంలో కుర్రాళ్లు ఆడుతున్నారు. బంతి వచ్చేలోగా ప్రతివాడూ ఎడమకు మూడుసార్లు, కుడికి ఒక్కసారి చూస్తున్నాడు. పరీక్షలో కాపీ కొట్టినవాడు పక్కవాడి హాల్‌టికెట్ నంబరు కూడా దించేసినట్టుంది. ముందు నాకు నవ్వొచ్చింది. అంతలో ఎడమకే చూస్తున్న ఒక కుర్రాణ్ని కుడినుంచి వచ్చినవాడు గుద్దేశాడు. వాడి ముక్కూ మూతీ రక్తం.

"ఇంకా బాగా చూడాలి, ఆయన్ని చూసి నేర్చుకో," అంటూ కోచ్ మా ఆయన వైపు చెయ్యి చూపించాడు.

మా ఆయన బంతిని కాలికింద ఆపి నా వైపు చూశారు. నిజం చెప్పమనాలో వద్దనాలో నాకు తోచలేదు. ఆయన గీత దాటి కుర్రాళ్ల దగ్గరికి నడిచారు.

"నన్ను చూసి నేర్చుకోకండి. నాకు ఎడమ కన్ను సరిగ్గా కనబడట్లేదు, అందుకే అటు అన్నిసార్లు చూస్తున్నాను. మీకు రెండు కళ్లూ బాగున్నాయి, రెండు వైపులా చూడండి."

కోచ్ నమ్మలేదు. నవ్వుతూ వచ్చి ఎడమవైపు నుంచి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. మా ఆయన ఉలిక్కిపడి రెండడుగులు పక్కకు తూలారు. ఆ తర్వాత కోచ్ నవ్వలేదు.

శుక్రవారం సంతకం పెట్టింది నేను. ఆస్పత్రిలో, ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నట్టు.