శ్మశానంలో పోయొస్తానన్నవాడు

అది యాభైలలో సంగతి. రహస్య పార్టీలో చేరబోతున్న నా స్నేహితుడు, పోలీసులు రారని, వీడ్కోలుకు నన్ను చింతామణి ఊరి పాత శ్మశానానికి పిలిచాడు. అక్కడ సమాధులకంటే ముళ్ళపొదలే ఎక్కువ. వెళితే వాడు మళ్ళీ కనబడడని నా దిగులు. అది చెప్పలేకపోయాను, ఎగతాళే చేతనయింది. వాడు దేవుడూ దయ్యమూ భూస్వాములు అల్లిన కథలేనని అరగంట చెప్పి లేచాడు.

"పోయొస్తాప్పా."

"ఈడ ఆ మాట అనకూడదు గదప్పా! పండుకున్నోళ్ళు మళ్ళా వస్తావని నీకోసం కాసుకోనుంటారు," అన్నాను.

పొదల్లోంచి మెల్లగా వినిపించింది, "రాప్పా."

కొమ్మలు తొలగించి చూశాం. ఎవరూ లేరు. ఒక సమాధి మీద గడ్డి మాత్రం, ఎవరో అప్పుడే లేచి వెళ్ళినట్టు అణిగి ఉంది.

బస్టాండులో వాడు ఎక్కాల్సిన బాగేపల్లి బస్సు సిద్ధంగా ఉంది. లోపల ముగ్గురే కూర్చున్నారు.

"శానా రష్షుగా ఉండాది. రేపు పోతా," అన్నాడు.

"అవునప్పా, కాలు పెట్టేదానికి జాగా యాడుండాది?" అన్నాను.