ఓబులక్క అడిగే మాట

పళ్ళెం బల్ల మీదికి రాగానే ముందు దోసె వాసన వచ్చింది, వెంటనే పచ్చి టెంకాయ వాసన. ఆ రెండింటి కింద మూడో వాసన ఒకటి సన్నగా ముక్కుకు తగిలింది. వేయించిన శనక్కాయల వాసన. తలెత్తి చూసేసరికి మా భరత్ అప్పటికే దోసె ముక్కను తెల్లటి చట్నీలో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. వాడికి ఆరేళ్ళు. నేను చేయి పట్టుకునేలోపు మింగేశాడు. కాసేపటికి నాలుకను పళ్ళతో గీరుకుంటూ, "అమ్మా, నాలుక మీద చీమలు పాకుతాండాయి" అన్నాడు.

ఇది ఈరోజు మధ్యాహ్నం సంగతి. బడులు తెరవబోతున్నారని పిల్లలిద్దరికీ యూనిఫారం గుడ్డలు కొనడానికి అనంతపురం పాతూరుకు పోయాం. నాలుగు అంగళ్ళు తిరిగేసరికి ఎండకు పిల్లల ముఖాలు వాడిపోయాయి. బట్టల అంగళ్ళ మధ్య మేడ మీద ఉన్న హోటల్లో ఫ్యాన్ కింద బల్ల ఖాళీగా కనిపిస్తే కూర్చున్నాం. భరత్‌కు శనక్కాయ పడదు. ఒక్క గింజ పొడి చాలు, పెదవులు ఉబ్బి గొంతు పూడుకుపోతుంది. అది తెలుసు కాబట్టి నేను అడగకుండా తినిపించలేదు. అడిగాను. కానీ పక్క బల్ల దగ్గర పెళ్ళి బట్టలకు వచ్చిన కుటుంబమేదో కూర్చుని ఉంటే, వాళ్ళకు వినపడకుండా, చెప్పకూడనిదేదో చెబుతున్నట్టు అడిగాను. "చట్నీలో చెనిక్కాయలు వేస్తారా?" అంటే సర్వరు పోతూ పోతూ, "లేదక్కా, టెంకాయ చట్నీనే" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. టెంకాయ ధర ప్రియమైనప్పుడల్లా చట్నీలో సగం శనక్కాయలు కలిపి రుబ్బడం ఇక్కడి హోటళ్ళలో మామూలే. శనక్కాయ తప్ప మరో పంట నమ్ముకోని ఈ మెట్ట నేలలో, ఉప్పు వేశారా అని ఎవరూ అడగనట్టే, అదీ ఎవరి లెక్కలోకీ రాదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆ ఒక్క మాటతో సరిపెట్టుకున్నాను.

ఆసుపత్రిలో ఇంజెక్షన్ ఇచ్చి చీకటి పడేవరకు పడుకోబెట్టారు. ఇప్పుడు వాడు నా పక్కనే నిద్రపోతున్నాడు. పెదవి వాపు తగ్గింది. ఊపిరి సరిగ్గా ఆడుతోందా అని మాటిమాటికీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను. నిద్ర రాదని తెలిసి ఈ నోటు పుస్తకం తీశాను. మధ్యాహ్నం నుంచీ నా మనసులో మెదులుతున్నది డాక్టరు మాటలు కాదు, ఓబులక్క మాట. ఆమె బతికి ఉండి, పాతూరులో ఆమె హోటలే ఉండి ఉంటే మేము ఆ మేడ ఎక్కేవాళ్ళమే కాదు.

నేను ఓబులక్కను మొదట చూసింది తొంభై ఏడులో. పామిడి నుంచి రోజూ బస్సులో వచ్చి డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఒకరోజు రికార్డు పుస్తకాలు కొనడానికి పాతూరుకు వచ్చి, మధ్యాహ్నం బస్సు అందుకోలేకపోయాను. ఆకలి. ఆ బజారులో తినడానికి పది చోట్లున్నాయి, ఒంటరి ఆడపిల్ల పోయి కూర్చోగలిగిన చోటు మాత్రం ఒక్కటీ కనపడలేదు. అన్నింట్లోనూ మగవాళ్ళే. చివరికి రెండు బట్టల అంగళ్ళ నడుమ ఒక హోటల్ కనిపించింది. ఒకే ఒక గది, మూడు బల్లలు, గడప దగ్గర పొయ్యి. ఆ పొయ్యి మీద ఉగ్గానికి తిరగమోత పెడుతోంది ఒక నడివయసు ఆవిడ. నానబెట్టి పిండిన బొరుగులు బాండలిలో పడగానే వచ్చిన వాసనకు నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"ఏమ్మా, నిలబడుకోని చూస్తే కడుపు నిండుతాదా? లోపలికి రా" అంది. నేను వెనకాడుతుంటే లోపల తింటున్న ఇద్దరు మనుషుల వైపు తిరిగి, "ఏమప్పా, ఆ పక్క బల్లకు జరగండి. ఆడపిల్ల కూచుంటాది" అని కేకేసింది. వాళ్ళు పళ్ళేలు పట్టుకుని జరిగారు. నేను కూర్చున్నాక, వడ్డించడానికి ముందు నా ముఖంలోకి చూసి అడిగింది. "పడందేమన్నా ఉండాదా?"

ఏమీ లేదన్నాను. నిజానికి నాకు వంకాయ పడదు. కొత్త మనిషికి, పది మంది ముందు, ఒంటి సంగతి ఏం చెబుతాం? ఆరోజు అన్నంలోకి వంకాయ పప్పు. తిన్నాను. మరో వారానికి మళ్ళీ పోయినప్పుడు మోచేతుల మీద గోకిన గీతలు ఇంకా మానలేదు. ఓబులక్క గరిటె పక్కన పెట్టి నా చేయి పట్టుకుని చూసింది.

"ఏంది ఇది, పామిడి పాపా?"

"వంకాయ..."

"అడిగినాను గదా! ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది."

"బాగుండాది. సిగ్గు నీది, గోకులాట నీది, చెడ్డపేరు మాత్రం నాదా?" అంది. బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. ఆమె నవ్వలేదు. "అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అడక్కుండా పెట్టను. నేను అడిగేది మర్యాదకనుకున్నావేమో. జవాబు కోసరం అడుగుతాను" అంది.

తరువాత మూడేళ్ళూ వారానికి రెండు మూడు సార్లైనా అక్కడే తిన్నాను. తనది చిన్న హోటలే కానీ, పాతూరులో ఎవరు ఎక్కడ తినాలో ఓబులక్కకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు. కడుపుతో ఉన్న కోడలిని వెంటబెట్టుకుని చీరలకు వచ్చినవాళ్ళను, వెనక గదిలో కాళ్ళు చాపుకుని కూర్చోవడానికి వీలున్న హోటలుకు పంపేది. పసిపిల్లలతో వచ్చినవాళ్ళకు, కారం తక్కువ వేసే ఇడ్లీల అవ్వను చూపించేది. తన చారు ఆరోజు కుదరకపోతే కుదరలేదని ముందే చెప్పేది. ఒకసారి తెల్లబట్టల పెద్దమనిషి ఒకాయన, ఏదో ఊరి నాయకుడు, నలుగురు మనుషులతో వచ్చి అన్నం పెట్టమన్నాడు. అలవాటుగా అడిగితే చక్కెర జబ్బుందన్నాడు.

"అయితే అన్నా, నీకు ఈడ అన్నం లేదు. ఆ మలుపులో ఒకామె జొన్నరొట్టెలు చేస్తాది, ఆడికి పోయి తిను."

"ఏమే, నా దుడ్లు నీకు చేదా?"

"నీ దుడ్లు తీపే అన్నా. నీ నెత్తురు ఇంకా తీపి. అదే బాధ."

ఆయన మనుషులు నవ్వాలో వద్దో తెలియక ఆయన ముఖం చూశారు. ఆయనే ముందు నవ్వి రొట్టెలకు పోయాడు. పక్క బట్టల అంగడి శెట్టిగారు గల్లా దగ్గర నుంచే, "ఓబులక్కా, నువ్వు అమ్మేదానికంటే బయటికి పంపిచ్చేదే ఎక్కువ" అని ఎత్తిపొడిచారు. ఆమె వెంటనే, "చీర బాగలేకుంటే మడిచి లోపల పెడతావు శెట్టీ. కడుపులోకి పోయినదాన్ని మడిచి పెట్టేకయితాదా?" అంది.

చదువయ్యాక బుక్కరాయసముద్రంలో శనక్కాయ పండించే ఇంటికి కోడలిగా వచ్చాను. మొదట లిఖిత, రెండేళ్ళకు భరత్ పుట్టారు. పిల్లలతో పాతూరుకు వస్తే ఓబులక్క దగ్గర ఆగకుండా పోయేదాన్ని కాదు. భరత్‌కు ఏడాదిన్నర ఉన్నప్పుడు ఒకరోజు ఆమె వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, అప్పుడే రుబ్బిన శనక్కాయ చట్నీని వేలి కొసతో తీసి వాడి నాలుకకు రాసింది. రాళ్ళు తిని అరిగించుకునే వయసు, చట్నీ ఏం చేస్తుంది అనుకున్నాం ఇద్దరమూ. ఎంత పెద్దమనిషినైనా అడిగే ఆమె ఆరోజు నన్ను అడగలేదు. అడిగినా నా దగ్గర జవాబు లేదు, అప్పటికి మాకెవరికీ తెలియదు. వాడు చప్పరించి నవ్వాడు. తరువాత కళ్ళు నలుపుకున్నాడు. నేను చూస్తుండగానే పెదవులు లావెక్కాయి, ఏడుపు బొంగురుపోయింది.

నేను కదల్లేకపోయాను. ఓబులక్క కదిలింది. పొయ్యి మీద నూనె కాగుతుండగానే, బల్లల నిండా మనుషులు తింటుండగానే, బిడ్డను భుజాన వేసుకుని ఆ జనంలోంచి "దావ ఇడండప్పా, దావ ఇడండి" అని అరుస్తూ పరిగెత్తింది. నేను వెనక. ఆ వయసులో ఆమె అంత వేగంగా ఎలా పరిగెత్తిందో తెలియదు. వీధి చివర ఆసుపత్రిలో సూది వేశాక, ఇంకో పావుగంట ఆలస్యమైతే కష్టమయ్యేదని, శనక్కాయ తగలనివ్వొద్దని డాక్టరు చెప్పారు. ఓబులక్క గోడకు ఆనుకుని కింద కూర్చుని, తన వేలిని కొంగుతో తుడుస్తూనే ఉంది.

బిడ్డ బతికాడు. ఇంటికి వచ్చాక అసలు భయం మొదలైంది. మా అత్త చెడ్డది కాదు. కానీ ఆమె నమ్మలేదు. "చెనిక్కాయలు పండిచ్చే ఇంట్లో పుట్టినోనికి చెనిక్కాయ పడదంటే ఊరు నవ్వుతాది. ఇవన్నీ సదువుకున్నోళ్ళ రోగాలు. రోజూ కొంచెం కొంచెం పెడితే అదే అలవాటైతాది" అంది. బెల్లంతో దంచిన శనక్కాయ ఉండ ఒకటి చిన్న గిన్నెలో మూతపెట్టి ఉండటం ఒకరోజు నా కళ్ళతో చూశాను. నేను ఎదురు చెప్పలేకపోయాను. ఆ ఉండను కోళ్ళకు వేసి, రోజంతా బిడ్డను చంకలోంచి దించకుండా తిరిగాను. అలా ఎన్నాళ్ళు తిరగగలను? పాతూరుకు పోయినప్పుడు ఆ మాట ఓబులక్కకు చెప్పి ఏడ్చాను.

రెండు రోజులకు ఆమె హోటల్ మూసి, బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. విత్తనానికి కాయలు ఒలిచే రోజులు. మా పంచలో మా అత్తతో పాటు ఏడెనిమిది మంది ఆడవాళ్ళు కాయల రాశి చుట్టూ కూర్చుని ఒలుస్తున్నారు. ఓబులక్క ఆ పొట్టు మధ్యే నిలబడి చెప్పింది.

"నేను పాతూరులో హోటల్ నడిపే ఓబులమ్మను. మీ మనవనికి చట్నీ పెట్టింది నేనే, ఈ చేత్తోనే. నా తిండి తిన్నందుకే బిడ్డకు ఊపిరాడకుండా పోయింది. ఈ కండ్లతో చూసినా. తిట్టేదుంటే నన్ను తిట్టండి. మీ కోడలు అబద్ధం చెప్పలేదు."

ఒలుస్తున్న చేతులన్నీ ఆగిపోయాయి. మా అత్త తలెత్తి, "ఏమమ్మా, నీ హోటల్ తిండి తిని బిడ్డకు ఇట్లయిందని నువ్వే ఊరంతా చాటుకుంటావా? రేపు నీ దగ్గరికి ఎవరొస్తారు?" అంది.

"వస్తే వస్తారు, లేకుంటే లేదు. చెప్పకపోతే మీరు ఇంకోసారి పెడతారు. అప్పుడు ఎత్తుకోని పరిగెత్తేకి నేను ఈడ ఉండను గదమ్మా."

మా అత్త ఒళ్ళోని కాయలు రాశిలోకి వంచి, కొంగు దులుపుకుని, తొట్టి దగ్గరికి పోయి సబ్బుతో చేతులు కడుక్కుంది. మళ్ళీ వాసన చూసుకుని ఇంకోసారి కడుక్కుంది. అప్పుడు వచ్చి నా చంకలోంచి భరత్‌ను తీసుకుంది. ఈరోజుకీ ఆమె ఆ చేతులు కడగకుండా వాణ్ణి ముట్టుకోదు.

ఆ తరువాత ఓబులక్క హోటల్‌కు మనుషులు తగ్గారో లేదో నాకు తెలియదు. ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. భరత్ కోసం చిన్న రోలు ఒకటి కొని, పుట్నాల చట్నీ విడిగా అందులోనే నూరేది. అందరినీ అడిగే మాటకు ఇంకో మాట కలిపింది. పళ్ళెం పెట్టేటప్పుడల్లా గట్టిగా, "చట్నీలో చెనిక్కాయలుండాయి, చెప్పినా" అనేది. కాయల బస్తాలు మోసి వచ్చినవాడొకడు పగలబడి నవ్వాడు. "ఓబులక్కా, నీళ్ళల్లో నీళ్ళుండాయని గూడా చెప్తావా?" అన్నాడు. "నవ్వు నాయనా, బాగా నవ్వు. నవ్వినోనికి గుర్తుంటాది" అంది.

మూడేళ్ళ కిందట రోడ్డు వెడల్పులో ఆ గది పోయింది. ఆమె కొత్తచెరువులో తమ్ముడింటికి పోతూ ఆ చిన్న రోలు నాకిచ్చింది. మరుసటి ఏడాది ఆమె చనిపోయిందని శెట్టిగారు చెప్పారు. రోలు మా వంటింట్లో ఉంది. రోజూ వాడుతున్నాను. ఇంట్లో నేను జాగ్రత్తగానే ఉన్నాను. గడప దాటితే మాత్రం ఇంకా ఆ పామిడి పాపనే. పది మంది ముందు గొంతు రాదు.

రాత్రి ఇంతవరకు రాసి పుస్తకం మూశాను. పొద్దున భరత్ మామూలుగా లేచి ఆకలన్నాడు. పిల్లలిద్దరికీ ఉప్మా పెట్టి ఎదురుగా కూర్చున్నాను. లిఖిత తినకుండా పళ్ళెంలో వేలితో గీతలు గీస్తోంది. "అమ్మా, నిన్న నాకు కూడా చెనిక్కాయ వాసన వచ్చింది. నీకంటే ముందే వచ్చింది. పక్కనోళ్ళు మనల్నే చూస్తారని చెప్పలేదు" అంది. ఎనిమిదేళ్ళ పిల్ల. రాత్రంతా ఆ మాటను లోపల మోసుకుని పడుకుందన్నమాట.

పంచలో పొట్టు మధ్య నిలబడిన మనిషి గుర్తొచ్చింది. "తప్పు నీది కాదు, నాది" అన్నాను. "నిన్న నేను మెల్లగా అడిగినాను, సిగ్గుపడి. ఆ సిగ్గు నువ్వు నా దగ్గరే నేర్చుకున్నావు. సాయంత్రం ముగ్గురం ఆ హోటల్‌కు పోదాం."

"మళ్ళీ దోసె తినేకా?" అన్నాడు భరత్.

"కాదు. వాళ్ళ చట్నీతో నీకేమయిందో చెప్పేకి. లోపల రుబ్బేవాళ్ళకు, బయట తినేవాళ్ళకు, అందరికీ వినపడేట్టు. నేను చెప్తాను. తరువాత నుంచి నువ్వే చెప్పాల."

లిఖిత తలెత్తింది. "అందరూ నవ్వితే?"

"నవ్వనీ" అన్నాను. "నవ్వినోళ్ళకు గుర్తుంటాది."