మా అత్త ఓడలో నావిగేటర్‌కి జ్వరం

పోయిన ఆదివారం పొద్దున మాయాబందర్ నుంచి నాన్న ఫోన్ చేశాడు. "అక్క పోయిందమ్మా. నిద్దట్లోనే" అన్నాడు. చెప్పడం అయిపోయింది. ఫోన్ మాత్రం పెట్టలేదు. పోయింది నా మేనత్త. ఆవిడ గురించి మీకు చెప్పుకోవాలని ఉంది. అలాంటి కెప్టెన్‌ని నేను మళ్ళీ చూడను.

కెప్టెన్ అంటే ఉద్యోగం కాదు. బతుకంతా మా అండమాన్‌లో, మాయాబందర్ బజారులో చేపలు అమ్మింది. మోకాలి ఆపరేషన్‌కి పోర్ట్ బ్లెయిర్ వచ్చి, లంబాలైన్‌లో మా ఇంట్లో కొన్నాళ్ళుంది. ఊరికే కూర్చోవడం ఆవిడకి చేతకాదు. నా లాప్‌టాప్‌లో పాతకాలపు తెరచాప ఓడల ఆట ఉంటే చూపించాను. కుర్చీ దగ్గరకి లాక్కుంది.

మొదటిరోజే రేవు వైపు ఓడని తిన్నగా పెట్టింది. అది కదల్లేదు.

"ఏటే, నీ ఓడ పాడైపోనాది."

"గాలి ఎదురుగా ఉందత్తా. కాస్త ఎడమకి, కాస్త కుడికి ఏటవాలుగా పోవాలి."

ఎన్నిసార్లు రాళ్ళకి కొట్టిందో. కొట్టినప్పుడల్లా తనని తానే తిట్టుకుని మళ్ళీ మొదలెట్టేది.

ఆ ఆటలో కెప్టెన్ ఒక్కడివల్లే ఏదీ కాదు. దారి చెప్పే నావిగేటర్, తెరచాపలు చూసే ఆఫీసర్, డాక్టర్, అందరినీ రేవుల్లో వెతికి పెట్టుకోవాలి. పని చేసేకొద్దీ వాళ్ళ నేర్పు పెరుగుతుంది. విశ్రాంతి లేకపోతే జబ్బు పడతారు. చనిపోతే ఇక రారు. నేనైతే ఎవరికి నేర్పు ఎక్కువుంటే వాళ్ళనే తీసుకునేదాన్ని. అత్త నా చేత వాళ్ళ గుణాలు చదివించుకునేది. "కోపిష్టా? వొద్దు. నడిసంద్రంలో వీడితో ఏటి పడతాం?" అనేది. చివరికి నెరిసిన గడ్డం ఉన్న ఒక నిదానస్తుణ్ణి నావిగేటర్‌గా పెట్టుకుంది. అతన్ని భయ్యా అని పిలిచేది.

మాయాబందర్‌లో డింగీ, అంటే చిన్న వేటపడవ, నడిపే నాన్న చూడ్డానికి వచ్చి వెనక నిలబడి సలహాలిచ్చేవాడు. "తిన్నగా పోనీ అక్కా."

"నీ డింగీకి ఇంజనుంది. నాకు లేదు. సుప్‌చాప్ కూకో."

ఒకసారి పెద్ద సరుకుతో దూరపు రేవుకి బయల్దేరింది. గడువులోగా చేరితే ఇంకా పెద్ద ఓడ ఇస్తారు. సగం దారిలో భయ్యాకి జ్వరం వచ్చింది. అతను పడుకోగానే మేం ఎక్కడున్నామో చూపించే గుర్తు మ్యాపు మీంచి మాయమైంది. ఒడ్డుకి చేర్చకపోతే బతకడని డాక్టర్ చెప్పాడు. దగ్గరి రేవు వెనకే ఉంది.

నాన్న, పక్కింటి దీదీ, అందరూ ముందుకే పొమ్మన్నారు. "ఆటే కదత్తా, ఇంకో నావిగేటర్ దొరుకుతాడు" అన్నాను నేను.

అత్త మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. "మీ మావకి జొరమొచ్చిన్నాడు బోటులో ఉన్నోళ్ళు కూడా ఇలాగే అనుకున్నారు. ఇంకొక్క వలేసి ఎల్దామని."

మావయ్య సముద్రం మీద పోయాడని తెలుసు. ఇలా పోయాడని తెలీదు.

ఆవిడ ఓడని వెనక్కి తిప్పింది. "వచ్చినపుడు గాలి ఎడం పక్క నుంచి వొచ్చింది. ఇపుడు కుడి పక్క నుంచి రావాలి" అంటూ, గుర్తు లేని మ్యాపుని పక్కన పెట్టి, గాలినే చూసుకుంటూ నడిపింది. రేవు కనబడేసరికి మా అందరి మొహాలూ తెరకి ఆనుకున్నంత పని అయింది. భయ్యా బతికాడు. పెద్ద ఓడ చేజారింది. "సరుకు మళ్ళీ ఎత్తుకుందాం" అని, మందులు వేసుకుని హాయిగా పడుకుంది.

ఆ దూరపు రేవుకి తర్వాత అదే భయ్యాతో చేరింది. ఒక్క మనిషీ తగ్గలేదు. వీధిలో ఎవరు కనబడినా దీదీ ఆవిడని "హమారీ కెప్టెన్" అని పరిచయం చేసేది. గర్వంగా నేను పక్కనే నిలబడేదాన్ని.

మోకాలు బాగయ్యాక ఫీనిక్స్ బే రేవులో ఓడెక్కించి మాయాబందర్ తీసుకెళ్ళాను. అక్కడి జెట్టీ మీద ఆటో ఉంటుందనుకున్నాం. కింద నీళ్ళలో నాన్న తన డింగీలో నిలబడి ఉన్నాడు. మా ఇళ్ళలో ఆడవాళ్ళు వలలు బాగుచేస్తారు, చేపలమ్ముతారు, వేటపడవ ఎక్కరు.

"రా అక్కా" అని చెయ్యి చాచాడు.

అత్త అతని చేతిని, నా భుజాన్ని పట్టుకుని మెల్లగా దిగి, అతని ముందు బల్ల మీద కూర్చుంది. డింగీ ఒడ్డు విడిచి ఊపందుకుంది. ఆవిడ వెన్ను నిటారుగా పెట్టి ముందుకే చూస్తోంది. చీర కొంగు గాలికి లేచి వెనక నాన్న మొహం మీద కొట్టుకుంటోంది. నాన్న దాన్ని పక్కకి తీయలేదు.