పూజలో ఉండిపోయిన పదహారక్షరాలు

సెప్టెంబరు రెండో సోమవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మొదలైంది ఆ వ్యవహారం. ఆ రోజుల్లో నేను తేదీలు గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టుకునేదాన్ని, గంటలు నాయన చేతి గడియారం చూసి రాసుకునేదాన్ని. కాబట్టి ఇందులో పొరపాటు ఉండదు. (మిగతా అన్నింటిలోనూ ఉంది.) నాకప్పుడు ఇరవై ఏళ్ల రెండు నెలలు. పుంగనూరులో ఒక ట్యుటోరియల్లో చిన్న తరగతులకు లెక్కలు చెప్పేదాన్ని. మనసంతా మాత్రం పదో తరగతి ఇంగ్లీషు మీద ఉండేది. ఆ పాఠాలు చెప్పే ఆయన ఊరు మారడంతో ఆ కుర్చీ ఖాళీ అయింది. దానికి పోటీ ఇద్దరం: నేను, ఎండైనా వానైనా చంకలో గొడుగు దించని గొడుగు సారు. ఇద్దరిలో ఎవరినీ నొప్పించడం ఇష్టం లేని మా పెద్ద సారు బోర్డు మీద సి, హెచ్, ఆర్, ఎన్, యు అని ఐదక్షరాలు రాశాడు. ఈ ఐదూ ఉండే ఇంగ్లీషు మాటల్లో అన్నిటికన్నా పొడుగైనదాన్ని విజయదశమి పొద్దున పది గంటల లోపల ఎవరు తెస్తే తరగతి వాళ్లదే అన్నాడు.

ఆ ఐదూ అదే వరుసలో రావాలా అని అడిగితే మొదటి రోజు అవునన్నాడు, రెండో రోజు కాదన్నాడు, మూడో రోజు "నేను అట్ల అంటినా?" అని నన్నే అడిగాడు. వరుస అక్కర్లేదని తేలేసరికి నాలుగు రోజులు పోయాయి, మిగిలినవి ఇరవై ఆరు. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక డిక్షనరీ నాయనది, ఎనిమిది వందల అరవై నాలుగు పేజీలు. నేను రోజుకు పన్నెండు పేజీలకు మించి చదవలేను, అంటే డెబ్బై రెండు రోజులు. అదే ముగ్గురు చదివితే ఇరవై నాలుగు రోజులు, రెండు రోజులు మిగులు కూడా. నాయన ఊళ్లో లేని పూట చూసి, డిక్షనరీని కత్తిపీట మీద పెట్టి సమానంగా మూడు ముక్కలు చేశాను. (అట్ట నా ముక్కకే ఉంచుకున్నాను.) రెండో ముక్క బస్సు కండక్టరు చేతికిచ్చి మదనపల్లెలో మా అక్కకు పంపాను. మూడోది కుప్పంలో మా చిన్నత్తకు. ఎస్సెల్సీ పాసైన చిన్నత్త బఠానీలు కట్టిచ్చిన కాగితాన్ని కూడా చివరిదాకా చదివే మనిషి.

వారానికల్లా అక్క కార్డు రాసింది. తన ముక్కలో మొదట్లోనే హరికేన్, అంటే తొమ్మిదక్షరాల గాలివాన దొరికిందట, ఇంత పెద్ద గాలివాన వచ్చినాక ఇంకా యాల ఎతకాల అని ఆపేసిందట. నాకేమో కంటికి కనబడిన ప్రతి మాటలోనూ ఆ ఐదే కనిపించేవి. బస్సు బోర్డు మీద పుంగనూరు అని ఇంగ్లీషులో చదివినా సి, హెచ్ లేవే అని దిగులు పడేదాన్ని. పిల్లలకు కూడికలు చెబుతూ జవాబు దగ్గర హెచ్ అని రాసిన రోజు కూడా ఉంది. చివరికి నా ముక్కలో క్రిసాంతిమమ్ దొరికింది, అంటే చామంతి. పదమూడక్షరాలు. మహర్నవమికి ముందు రోజు సంబరంగా పోయి చూపిస్తే, గొడుగు సారు కూడా అదే చామంతి తెచ్చి ఉన్నాడు. ఆ సాయంత్రమే నాయన ఏదో మాటకు అర్థం కోసం డిక్షనరీ తెరిచాడు. లోపల ఉన్నది మూడో వంతే. అట్ట మూసి, మెల్లగా, "ఒక మాటకు అర్థం కావాలంటే ఇంక కుప్పం బస్సెక్కాలా పాపా?" అన్నాడు.

నేనే ఎక్కాను, మరుసటి రోజు పొద్దున. చిన్నత్త దగ్గర నుంచి ఒక్క కార్డూ రాలేదు మరి. పలమనేరులో బస్సు మారి, మధ్యాహ్నం పన్నెండూ నలభైకి ఇల్లు చేరి చూస్తే, కుట్టుమిషనుకూ మచ్చుకత్తికీ మధ్యన పీట మీద మా డిక్షనరీ ముక్క పసుపు కుంకుమలతో కూర్చుని ఉంది. దాని మీద ఒక తట్టెడు చామంతులు.

"సరస్వతి పూజకు ఇంట్లో ఇంకేం పుస్తకం ఉండాది మ్మే?" అంది చిన్నత్త. "నీ మాట దొరికి తొమ్మిది దినాలాయ. పదారక్షరాలు. కార్డు రాసి, అమ్మవారి కాడ పెట్టి పంపితే నీకే గెలుపని దాంట్లోనే పెట్టినా."

"అయితే నోటితో చెప్పు అత్తా."

"నోటికి తిరగలేదు పాపా. యు తో మొదలు."

"ఒక్కసారి తీసి చూసి మళ్లీ పెట్టేస్తా."

"పూజకు పెట్టినాక తీసేది లేదు. రేపు ఉద్వాసన అయినాక సూసుకో. చదువు చెప్పేదానివి, నీకే తెలీకపోతే ఎట్ల?"

ఆ మధ్యాహ్నమంతా ఆ పీట ముందర కూర్చుని, యు తో మొదలయ్యే మాటలన్నీ వేళ్ల మీద పేర్చి చూశాను. పదకొండక్షరాలు దాటి ఒక్కటీ పోలేదు. మూడూ పదికి చిన్నత్త పాలకు పోయింది. ఇంట్లో నేను, ఆ ముక్క, మధ్యన నాలుగు చామంతులంత దూరం. చెయ్యి చాపాను, ఒక పువ్వును సర్ది వెనక్కి తీసుకున్నాను. పుస్తకాన్ని కత్తిపీటతో కోసినప్పుడు రాని భయం అప్పుడెందుకు వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

దశమి పొద్దున తొమ్మిదీ పదికి ఉద్వాసన చేసి, చిన్నత్త కార్డు నా చేతికిచ్చింది. అన్‌క్యారెక్టరిస్టిక్, అంటే మనిషి తీరుకు కుదరనిది. రెండుసార్లు లెక్కపెట్టాను, పదహారే. పుంగనూరులో దిగేసరికి పన్నెండూ యాభై. గొడుగు సారు అప్పటికే పాఠం మొదలుపెట్టాడు, బోర్డు మీద చామంతి ఇంగ్లీషులో విరబూసి ఉంది. పెద్ద సారు కార్డును ఇటూ అటూ తిప్పి చూసి, "మంచి మాటేనమ్మా. కానీ పది గంటలప్పుడు ఆయన ఈడుండాడు, నువ్వు లేవు," అన్నాడు.

ఇప్పుడు నా మనవరాలు ఫోనులో ఐదక్షరాలు కొడితే రెప్పపాటులో ఆ మాట వచ్చేస్తుంది. వచ్చిన ప్రతిసారీ అక్షరాలు లెక్కపెడతాను. అది నవ్వుతుంది, ఆ చెయ్యి వెనక్కి తీసుకున్న పిల్లను తలుచుకుని నేనూ నవ్వుకుంటాను.

పోయినవి: పదో తరగతి ఇంగ్లీషు, ఒకటి. రోజులు, ముప్పై. నాయన డిక్షనరీలో మదనపల్లె నుంచి తిరిగిరాని పేజీలు, ఆరు. చిన్నత్త ఏటా పూజకు కావాలని ఉంచేసుకున్నవి, రెండు వందల ఎనభై ఎనిమిది.