దింపు పాఠం

తొంభైల చివర్లో, మామిడికుదురు దగ్గరి బడిలో అయిదో తరగతికి చదివించే పాఠాలు ఎంచే పని నా నెత్తిన పడింది. రాజోలు పుస్తకాల షాపులో ఉన్నవన్నీ తిరగేసేను. చిన్న కథ, కింద నాలుగు ప్రశ్నలు. ఒకదాంట్లో మంచుకొండలు, ఇంకోదాంట్లో విమానాశ్రయం. మా పిల్లలు ప్రశ్నలోని మాట కథలో ఎక్కడుందో వెతికి ఆ లైను చూసి రాసేసేవారు. అర్థమైందా అంటే "ఆయ్" అనేవారు. నాకు ఒళ్ళు మండేది.

ఇలా కాదని నేనే కూర్చుని కొబ్బరి దింపు మీద ఒక పేజీ రాసేను. చెట్టెక్కడం, గెలలు కొయ్యడం, కాయ ఒలవడం. జవాబులు నోటితోనే చెప్పించేను. అందరికీ అన్నీ వచ్చేసేయి. ఒలుపు పని చేసే ఆయన కూతురైతే, కాయ ఒలిచేక మిగిలే డొక్కలు ఏం చేస్తారంటే నేను రాయనివి కూడా చెప్పింది. అక్కడే అనుమానం రావాలి నాకు. రాలేదు సరికదా, తోటి టీచర్ల దగ్గర రెండ్రోజులు గొప్పలు పోయేను.

ఆ వారమే ఆ పిల్ల తల్లి బడికొచ్చింది. ఇంటిపనికి కువైట్ వెళ్తోందిట.

"టీచరుగారండీ, మా పిల్లకి ఉత్తరం చదవడం వచ్చునాండీ? నేనెలాగో కూడబలుక్కుని రాస్తానండి. వాళ్ళ నాన్నకి అక్షరం రాదండి. ఇంకోళ్ళ చేత చదివించుకుంటే వీధంతా తెలిసిపోద్దండి."

"నిక్షేపంలా చదువుతుంది. నిశ్చింతగా వెళ్ళిరామ్మా" అన్నాను. నా నోటికి అడ్డేముంది?

మూడో నెలలో పిల్ల ఉత్తరం పట్టుకొచ్చింది, నాకు చూపించాలని. చదవమంటే గడగడా చదివింది. "నేనిక్కడ క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను. నాన్న మాట విను. బాగా చదువుకో." చూపు మాత్రం కాగితం మీద ఒక్కచోటే ఉండిపోయింది. వెనక్కెళ్ళి భుజం మీంచి చూసేను. "పాపా, నాకిక్కడేం బాగోలేదు" అని ఉంది మొదటి లైను.

ఊళ్ళో అందరిళ్ళకీ వచ్చే ఉత్తరాలు విని విని, అదే వల్లించింది. రాత్రి తండ్రికీ అదే వినిపించిందిట. దాన్నేమనను? ఒలుపు దగ్గరే పెరిగిన పిల్లకి నా పేజీ చదవాల్సిన పనేముంది? తెలిసిందే అడిగి, చదివేసిందని మురిసిపోయింది నేను. ఆ తల్లికి మాటిచ్చిందీ నేనే.

మధ్యాహ్నమంతా కుర్చీలో కుదురు లేదు. నేనే చదివి చెప్పేస్తే అయిపోతుంది. మరి వచ్చే ఉత్తరం? బడి వదిలేక పిల్లని కూర్చోబెట్టేను. అక్షరాలొచ్చు, కలుపుకోవడమే రాదు. వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంది. నేను లేచి తలుపు దాకా వెళ్ళడం, మళ్ళీ రావడం. ఉత్తరంలో ఒక్కో లైనే బయటికొచ్చింది: "చేతులు పగిలిపోయేయి. నీకు జడ ఎవరేస్తన్నారు. మన గేదె ఈనిందా. నాన్నకి ఏం చెప్పకు."

పిల్ల ఆగింది. మళ్ళీ మొదటికెళ్ళి, ఈసారి నోరు మెదపకుండా చదువుకుంది. తలెత్తి, "మా అమ్మకి వచ్చెయ్యాలనుందాండీ?" అంది.

ఆ మాట ఉత్తరంలో ఎక్కడా లేదు. పిల్ల చదివింది. నాకు ఏడుపు ఆగలేదు.