కూర్చుని రాయవయ్యా

నిలబడి మందు రాసే డాక్టరు కనబడితే చాలు, ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఆపరేషన్లప్పుడు మత్తు ఇచ్చే డాక్టరుగా ఆ పెద్దాసుపత్రిలోనే తల నెరిసిన మనిషి. చంకలో ఎప్పుడూ ఒక మడత స్టూలు. అందుకే చాటుగా అందరూ స్టూలమ్మగారు అనేవారు.

ఎముకల డాక్టరుకు ఆవిడంటే ఒళ్లు మంట. రౌండ్సులో అతను రోగి మంచం దగ్గర ఆగీ ఆగకుండా కేసు షీటు మీద నొప్పి మాత్రలు గిలికేస్తుంటే, వెనకనుంచి వచ్చి మోకాళ్ల కింద స్టూలు తోసేది. అతను దబ్బున కూలబడేవాడు.

"కూర్చుని రాయవయ్యా. నిలబడ్డవాడికి ఎప్పుడు పారిపోదామా అనే ఉంటుంది."

"మేడం, నాకు అవతల ఆపరేషనుంది."

"ఆయనకి ఇవతల ప్రాణముంది."

నర్సులు ముఖాలు తిప్పుకుని నవ్వేవారు. అతనికి తల కొట్టేసినట్టయ్యేది. ఆవిడ ఇంట్లోనూ ఇంతేనట. జలుబుకి ఏం వేసుకోవాలని భర్త గుమ్మంలో నిలబడి అడిగితే ఉలకదు, పలకదు. పాపం ఆయన తుమ్ముకుంటూ వచ్చి కూర్చోవాల్సిందే.

అలాంటి మనిషికి డాక్టర్ల శిక్షణ తరగతి అప్పజెప్పారు. ఘాటైన నొప్పి మాత్రలు ఎలా రాయాలి, వాటికి బానిసలైన వాళ్లని ఎలా చూడాలి అన్నది పాఠం. రాకపోతే లైసెన్సు రెన్యువల్ కాదు. ఎముకల డాక్టరు పళ్లు నూరుకుంటూ వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. మాకు ఈవిడ పాఠం చెప్పేదేమిటని పక్కవాడితో సణిగాడు. అసలు కారణం మాత్రం అతని కోటు జేబులో ఉంది. నిరుడు నడుం పట్టేసినప్పుడు మొదలుపెట్టిన మాత్రల స్ట్రిప్పు. ఇప్పుడవి వేసుకోకపోతే చేతులు వణుకుతున్నాయి. చేతులు వణికే సర్జన్ని ఎవరుంచుకుంటారు?

"నేను రోగిని, నువ్వు డాక్టరువి, రా," అని ఆవిడ అతన్నే ముందుకు పిలిచింది. "డాక్టరుగారూ, ఆ మాత్రలే మళ్లీ రాయండి. అవి లేకపోతే ఉండలేకపోతున్నాను."

"రాయను. నువ్వు వాటికి అలవాటు పడ్డావు. ఇక వెళ్లు."

గదంతా చప్పట్లు. ఆవిడ ముఖం జేవురించింది.

"ఎవరయ్యా ఆ చప్పట్లు? నెలల తరబడి నిలబడి రాసిచ్చింది మనం. అలవాటు చేసింది మనం. ఇప్పుడు పొమ్మంటే ఎక్కడికి పోతాడు? ఏ సందులోనో దొంగతనంగా కొనుక్కుని చస్తాడు. ఇంతమందిలో ఒక్కరైనా నన్ను కూర్చోమన్నారా?"

అతని చేయి తనకు తెలియకుండానే జేబు మీదికి పోయింది. ఆవిడ అటు చూసి చూపు తిప్పేసుకుంది.

తరగతి అయ్యాక అందరినీ పంపించి, అతన్ని మాత్రం ఆగమంది. తన పని అయిపోయిందనుకున్నాడు. ఈవిడ పైవాళ్లకి చెబుతుంది, ఊరంతా చాటుతుంది. ఆవిడ స్టూలు విప్పి అతని ముందు వేసింది.

"కూర్చో నాయనా. ఎప్పట్నుంచి?"

అతను స్టూలు మీద కూలబడ్డాడు. తర్వాత అంతా కక్కేశాడు. రాసిచ్చింది స్నేహితులే. ఒకడు క్యాంటీన్లో, ఒకడు లిఫ్టు దగ్గర. ఏమైందని అడిగినవాడు లేడు.

"ఒక్కసారిగా మానెయ్యకు, తట్టుకోలేవు. రేపు నా దగ్గరికి రా, మెల్లిగా తగ్గిద్దాం. చేతులు కుదుటపడేదాకా కత్తి పట్టుకోవద్దు. నడుం నొప్పని సెలవు పెట్టు, అదేం అబద్ధం కాదుగా."

అతను కళ్లు తుడుచుకుని తలెత్తాడు. "మీరు నిలబడ్డారేంటి మేడం?"

"నేనిప్పుడు మందు రాయట్లేదుగా. ఆ లిఫ్టు దగ్గర రాసిన దద్దమ్మెవడో చెప్పి లే. స్టూలుతో పనుంది."