నత్తగుల్లలోకి మారిన పీత

పల్నాడుకి సముద్రాన్ని తెచ్చింది నేనే. కొబ్బరికాయంత పీతని, దాని వీపు మీద తామరపువ్వంత సముద్రపు పువ్వుని నరసరావుపేటలో మా వీధికి తెచ్చి కాపురం పెట్టించాను.

సరే, కొంచెం తగ్గిస్తాను. పీత నిమ్మకాయంతే. పువ్వు రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్దది. నేనొక్కణ్ణే కూడా కాదు. పక్కింటి పటాలు కట్టే షాపు భాయీ నేనూ బాపట్ల దాటి సూర్యలంక పోయి, వలలు దులుపుకునేవాళ్ళని అడిగి తెచ్చుకున్నాం. ఆయన మా ఆవిడని చెల్లెమ్మా అనేవాడు, అందుకని నాకు బావ. తొట్టి కట్టింది ఆయనే. అడుగునా మూడు పక్కలా మాచర్ల నాపరాళ్ళు, ముందు అద్దం. అందులో పాల క్యాన్లతో బస్సులో మోసుకొచ్చిన సముద్రపు నీళ్ళు. గాలికి చిన్న మోటారు, కరెంటు పోతే సైకిలు పంపు. ఎనభైల్లో మా ఊరి కరెంటు సంగతి తెలిసిందే కదా, మా ఇద్దరి భుజాలూ బాగా బలిశాయి.

ఆ పీతకి పొట్ట మెత్తన. అందుకని ఖాళీ గుల్లలో దూరి, ఇంటిని మోసుకుంటూ తిరిగేది. గుల్లకి అతుక్కున్న ఆ పువ్వు కూడా ప్రాణమున్నదే. మొదటిరోజు నేను దాన్ని గేదెకి పట్టిన గోమారి లాంటిదనుకున్నా. గోమారి కనపడితే మా వైపు చెయ్యి ఊరుకోదు. గోరుపెట్టి పీకబోయాను.

“చెయ్యి తియ్యి బావా! అది రక్తం తాగేది కాదు, కాపలా!” అని అరిచాడు బావ.

నిజమే. రొయ్య ముక్క వేస్తే పీత చించుకు తినేది, చెదిరిన తునకల్ని పువ్వు తన సన్నటి వేళ్ళతో అందుకునేది. తొట్టిలో ఇంకో పెద్ద పీత ఉండేది. అది మీదికొచ్చిందా, పువ్వు వేళ్ళు తగలగానే వాత పెట్టినట్టు వెనక్కి పోయేది. అన్నాలు మానేసి చూసేవాళ్ళం.

వానలు మొదలయ్యేటప్పటికి పీత ఎదిగింది, గుల్ల ఎదగలేదు. సగం ఒళ్ళు బయటే. పెద్ద పీత ఆ మెత్తటి పొట్ట వంకే చూస్తా కూచుంది. పెద్ద గుల్ల కావాలి. అదే సమయానికి తుఫాను పట్టి బాపట్ల బస్సులు ఆగిపోయాయి. బావ షాపు తియ్యకుండా తొట్టి ముందే కూలబడ్డాడు.

అప్పుడు తట్టింది నాకు. రాజుపాలెంలో మా మామగారి పొలం కాలవ గట్టున గుప్పెడంత నత్తగుల్లలు ఉంటాయిగా! ఒకటి తెచ్చి, ఉడకబెట్టి, నీళ్ళలో వేశాను.

పీత దాన్ని దొర్లించింది. లోపల కాలు పెట్టి కొలిచింది. రెప్ప వేసేలోగా పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి దూకింది. పువ్వు మాత్రం పాత గుల్ల మీదే ఉండిపోయింది.

“పాయె, వదిలేసిందిరా దాన్ని,” అన్నాడు బావ.

వదల్లేదు. వెనక్కొచ్చింది. నిద్రపోయే పిల్లని లేపినట్టు పువ్వుని తట్టింది, నిమిరింది, మళ్ళీ తట్టింది. కుట్టే ఆ పువ్వు పీతని కుట్టలేదు. మెల్లగా పట్టు వదిలింది. పీత దాన్ని రెండు చేతులా ఎత్తి, మా రాజుపాలెం నత్తగుల్లకి ఆనించి, అది అతుక్కునేదాకా అట్టాగే పట్టుకుంది. అంత ఓపిక నేను మనుషుల్లో చూడలేదు.

ఈ కథ మొన్న ఇంటికొచ్చినవాళ్ళకి చెప్తుంటే వంటింట్లోంచి మా ఆవిడ వచ్చింది.

“ఏందయ్యా, తట్టింది నీకా? ‘సముద్రపు పీతకి పొలం నత్తగుల్లేందే, నీ మొహం’ అని నవ్వింది ఎవరు? వానలో రాజుపాలెం పోయి తెచ్చింది నేను, ఉడకబెట్టింది నేను. అది పువ్వుని ఎత్తుకునేటప్పటికి నువ్వు మంచమ్మీద గురక పెడుతున్నావు. చూసింది అన్నయ్యా నేనూ.”